తేనెటీగ పిల్లలు సంచుల్లా అయి చచ్చిపోతున్నాయి, పెట్టెలు నిలబడే దారి చెప్పండి

ఆనందపురం తోట
నవంబరు 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం దగ్గర ఆనందపురం. ఎకరంన్నర తోట. మామిడి, కొబ్బరి, మధ్యలో చామంతి, కనకాంబరం. నాలుగేళ్ళ నుంచి తేనెటీగలు పెంచుతున్నాను. అన్నీ మన నాటు పుట్టతేనె ఈగలే, ఇటాలియన్ కాదు. దసరా వరకూ నాలుగు పెట్టెలు ఉండేవి. దసరాకి బయటి నుంచి ఒకాయన లారీలో పెట్టెలు తెచ్చి అమ్ముతుంటే ఇంకొకటి కొన్నాను. అదే ఐదోది.

ఐదో పెట్టెలో ఈగలు దండిగా ఉన్నాయని, దాన్నుంచి పిల్లలున్న ఫ్రేము (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రం) ఒకటి తీసి ఒకటో పెట్టెకి, ఇంకొకటి తీసి రెండో పెట్టెకి ఇచ్చాను. వానాకాలంలో రెండూ కొంచెం చిక్కిపోయాయి, బలం వస్తుందని ఇచ్చాను. పది రోజులు తిరిగేసరికి ఐదో పెట్టె ఖాళీ. ఈగలన్నీ లేచిపోయాయి. పట్టులో చచ్చిన పిల్లలు, కాస్త తేనె మిగిలాయి. ఆ రోజు ఊళ్ళో పెళ్ళి ఉండి, ఆ పెట్టెని అలాగే వదిలేసి వెళ్ళాను. సాయంత్రం వచ్చి చూస్తే మిగతా పెట్టెల ఈగలు దాంట్లో దూరి తేనె ఎత్తుకుపోతున్నాయి.

పోయిన శుక్రవారం రెండో పెట్టె తెరిచాను. మూత వేసిన గదులకి అక్కడక్కడ చిల్లులు. కొన్నిటికి మూత సగం కొరికేసి ఉంది. ఒక గదిలోంచి చీపురు పుల్లతో పిల్లని మెల్లగా లాగాను. చితికిపోతుందేమో అనుకున్నాను, చితకలేదు. తోలు సంచిలో నీళ్ళు పోసినట్టు నిండుగా బయటికి వచ్చింది. ఒళ్ళు లేత పసుపు, తల మాత్రం నల్లగా పైకి లేచి ఉంది. మంగమారిపేట ఒడ్డున ఇసకలోకి లాగి పెట్టిన తెప్ప ముక్కు ఉంటుంది చూడండి, అచ్చం అలాగ. పుల్ల కొన తగిలితే సంచి పగిలి నీళ్ళు కారాయి. వాసన ఏమీ లేదు. ఒక్క ఫ్రేములోనే అలాంటివి నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను, ఇంక చూడలేకపోయాను.

నాలుగో పెట్టెలో కూడా పది పన్నెండు గదులు అలాగే ఉన్నాయి. ఒకటి, మూడు బాగున్నాయి.

మందుల షాపులో అడిగితే టెట్రాసైక్లిన్ పొడి ఇచ్చి, పాకంలో కలిపి పెట్టమన్నారు. రెండో పెట్టెకి మూడు రోజులు పెట్టాను. తేడా లేదు.

రెండో పెట్టె గురించి ఒక మాట చెప్పాలి. మా పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడు గోడ సందులో దొరికిన పట్టు అది. మా ఆయన, నేను కలిసి ఆ పట్టు ముక్కలు అరటి నారతో ఫ్రేములకి కట్టి పెట్టెలోకి ఎక్కించాం. ఆయన పోయి రెండేళ్ళు. ఆ పెట్టె పోతుందంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఒకటో పెట్టె కూడా దాన్నుంచి పోయిన ఏడాది విడదీసినదే.

ఇది ఏం రోగం? మందు ఉందా? కొందరు రాణిని చంపేయాలంటున్నారు. చంపకుండా దారి లేదా?

---

భీమిలి బీఎస్సీ
నవంబరు 14, రాత్రి 10:25

అమ్మా, నేను అగ్రికల్చర్ చదువుతున్నాను. మీరు రాసింది చదివితే థాయ్ శాక్ బ్రూడ్ అనే వైరస్ రోగంలా ఉంది. కానీ ఖాయం చేసుకోవడానికి మూడు విషయాలు చెప్పండి. చచ్చిన పిల్లలోకి అగ్గిపుల్ల గుచ్చి లాగితే జిగురులా తీగ సాగుతోందా? మూత వెయ్యని గదుల్లో చిన్న పిల్లలు కూడా పసుపుపచ్చగా మెలి తిరిగి చస్తున్నాయా? పెట్టె ముందు పెద్ద ఈగలు కుప్పలుగా పడి ఉంటున్నాయా? చామంతికి మందు కొడతారు కదా, అందుకని అడుగుతున్నాను.

---

ఆనందపురం తోట
నవంబరు 15, ఉదయం 7:10

ఇప్పుడే చూసి వచ్చాను బాబూ. తీగ సాగడం లేదు. చిన్న పిల్లలు తెల్లగా బాగానే ఉన్నాయి, గదిలో నిలువునా చాపుకుని పడుకున్న పెద్ద పిల్లలే చస్తున్నాయి. పెట్టె ముందు చచ్చిన ఈగలు లేవు. మా చామంతికి ఈ నెల మందు కొట్టలేదు, పక్క తోట వాళ్ళు కూడా పొద్దుగూకాకే కొడతారు. ఇంకొకటి, మూడో పెట్టెలో కూడా కొన్ని మూతలకి నడిమధ్య చిన్న చిల్లు కనిపించింది. దానికీ వచ్చేసిందా?

---

భీమిలి బీఎస్సీ
నవంబరు 15, ఉదయం 8:02

టెన్షన్ పడకండి అమ్మా. ఆ మూతలు ఎత్తుగా టోపీల్లా ఉండి, సరిగ్గా మధ్యలో సూదితో పొడిచినట్టు ఒకే చిల్లు ఉంటే అవి మగ ఈగల గదులు. మన నాటు ఈగల్లో మగ గది మూతకి ఆ చిల్లు సహజంగానే ఉంటుంది. రోగం చిల్లు అంచులు కొరికినట్టు వంకరటింకరగా ఉంటుంది.

తీగ సాగితే అది అమెరికన్ ఫౌల్ బ్రూడ్. మూత వెయ్యకముందే చస్తే, పులిసిన వాసన వస్తే యూరోపియన్ ఫౌల్ బ్రూడ్. ఆ రెండూ బ్యాక్టీరియా వల్ల వచ్చేవి. మీది వైరస్. వైరస్ మీద టెట్రాసైక్లిన్ పనిచేయదు, ఆపేయండి.

---

పద్మనాభం మామిడి
నవంబరు 15, ఉదయం 11:30

మాకూ మూడేళ్ళ కిందట ఇదే వచ్చి ఆరు పెట్టెలు పోయాయి. పసుపు చల్లాం, వేపాకు పొగ వేశాం, ఏదీ ఆగలేదు. తర్వాత ఇటాలియన్ ఈగలకి మారిపోయాం. వాటికి ఈ రోగం ఇంత గట్టిగా రాదు. అక్కా, మీరు కూడా మారిపోతేనే మంచిది. ఎందుకీ బాధ?

---

పెందుర్తి పెట్టెలు
నవంబరు 15, రాత్రి 8:50

చెల్లెమ్మా, పెందుర్తి నుంచి రాస్తున్నాను. పాతికేళ్ళుగా నాటు ఈగలే నా పని. వలిస పూల కాలంలో అరకు వైపు తీసుకెళ్తాను, జీడిమామిడి పూతకి కిందికి దించుతాను. ఒక ఏడాది ఈ రోగానికే పదిహేడు పెట్టెల్లో పద్నాలుగు పోగొట్టుకున్నాను. మిగిలిన మూడింటి నుంచే ఇవాళ నా దగ్గర ఉన్నవన్నీ వచ్చాయి. అందుకే నిదానంగా రాస్తున్నాను, పూర్తిగా చదవండి.

ముందు పద్మనాభం తమ్ముడికి ఒక మాట. ఇటాలియన్ ఈగ పూత వెంట తిప్పుకునేవాళ్ళకి బాగుంటుంది. ఒక తోటలో ఐదు పెట్టెలు పెట్టుకుని, వానాకాలం మూడు నెలలు పూలు లేకుండా నెట్టుకు రావాలంటే దానికి చక్కెర పోసి పోసి మనం అలిసిపోతాం. పైగా దానికి వరోవా నల్లి ఉంది. ఆనందపురంలో ఉన్న పూతకి నాటు ఈగే సరి.

ఈ రోగం 1976లో థాయిలాండ్‌లో బయటపడింది, అందుకే ఆ పేరు. 1978లో మేఘాలయకి వచ్చింది. 1991-92లో కేరళ, కన్యాకుమారి వైపు వచ్చినప్పుడు నూటికి తొంభై పెట్టెలు ఖాళీ అయ్యాయి. అయినా అక్కడ ఇవాళ నాటు ఈగలు లేవా? ఉన్నాయి. మందు దొరికి కాదు. మిగిలిన పదింటిని పట్టుకుని, వాటి పిల్లల్నే పెంచుకుంటూ వచ్చారు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి, మీ పెట్టెల విషయంలో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

రోగం ఎలా తిరుగుతుందో తెలిస్తే ఏం చెయ్యాలో దానంతట అదే అర్థమవుతుంది. చచ్చిన పిల్లని కూలి ఈగలు బయట పడేయబోతాయి. సంచి పగిలి ఆ నీళ్ళు వాటి నోట్లోకి పోతాయి. ఒక్క సంచిలో ఉన్న వైరస్ ఎన్నో పిల్లలకి సరిపోతుంది. పిల్లలకి పాలు ఊరే గ్రంథి ఈగ తలలోనే ఉంటుంది కదా, వైరస్ అక్కడికి చేరుతుంది. ఆ ఈగ పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పక్క గదిలోని రెండు రోజుల పిల్లకి మేత పెడుతుంది. ఆ పిల్ల మామూలుగానే పెరిగి, మూత పడ్డాక చస్తుంది. మళ్ళీ ఇంకో ఈగ శుభ్రం చెయ్యడానికి వస్తుంది. ఊళ్ళో పశువులకి గాలికుంటు వస్తే సంత ఆపేస్తారు చూడండి, ఇక్కడా అదే చెయ్యాలి. కొన్నాళ్ళు పెట్టెలో పిల్ల అనేదే లేకుండా చెయ్యాలి. సాకే వయసు ఈగలు ముదిరి బయటి పనికి పోతాయి, గదుల్లో ఎండిపోయిన పిల్లల్లో వైరస్ కొన్ని వారాల్లో చచ్చిపోతుంది.

కాబట్టి రాణిని ఇప్పుడే చంపక్కర్లేదు. బంధించండి. కూలి ఈగలు దూరగలిగి రాణి దూరలేని చీలికలున్న ప్లాస్టిక్ పంజరాలు దొరుకుతాయి. అందులో రాణిని పెట్టి రెండు ఫ్రేముల మధ్య వేలాడదీయండి. కూలీలే లోపలికి పోయి మేపుతాయి. 21 రోజులు కదపకండి. నాటు ఈగ గుడ్డు నుంచి ఈగ అవడానికి ఇరవై రోజుల లోపే పడుతుంది. ఆ గడువులో ఉన్న పిల్లంతా అయితే ఈగ అవుతుంది, లేకపోతే చస్తుంది. కొత్తది ఉండదు. వారానికోసారి తెరిచి, రాణి గదులు కడుతున్నాయేమో చూసి తీసేయండి. రాణి పంజరంలో ఉంటే వాటికి అనుమానం వస్తుంది, కొత్త రాణి కోసం కడతాయి.

రెండో పెట్టెలో రోగం ఎక్కువున్న పిల్ల ఫ్రేముల పట్టు కోసి, గొయ్యి తీసి కాల్చి పూడ్చేయండి. చేతులు రావు, నాకు తెలుసు. నాలుగోదాంట్లో పది పన్నెండు గదులే అన్నారు కాబట్టి కాల్చకండి. బాగున్న పిల్ల ఈగలై బయటికి రావాలి, లేకపోతే బలం ఉండదు. ఖాళీ ఫ్రేములు తీసేసి, ఈగలు కిటకిటలాడేలా అడ్డు పలక జరపండి. వెచ్చగా, ఒత్తుగా ఉన్న పెట్టె శుభ్రం బాగా చేసుకుంటుంది.

చక్కెర, నీళ్ళు సమానంగా కలిపి పలచటి పాకం పెట్టండి, పొద్దుగూకాక, పెట్టె లోపల మాత్రమే. బయట చుక్క పడినా దొంగతనం మొదలవుతుంది. షాపు తేనె మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి, ఏ పెట్టె రోగం ఏ తేనెలో ఉంటుందో తెలీదు. గుమ్మాలు రెండు ఈగలు పట్టేంత చిన్నవి చెయ్యండి.

ఐదో పెట్టె చెక్కని వాషింగ్ సోడా నీళ్ళతో రుద్ది కడిగి, నాలుగైదు రోజులు ఎండలో బోర్లించండి. పెట్టెలు చూసేటప్పుడు ఒకటి, మూడు ముందు, నాలుగు తర్వాత, రెండు ఆఖరున. మధ్యలో సబ్బుతో చేతులు కడగాలి, పరికరాన్ని మంట మీద కాల్చాలి. ఒక పెట్టె ఫ్రేము ఇంకో పెట్టెలోకి ఇంక పోకూడదు. మీ రెండో పెట్టెకి రోగం నడిచి వెళ్ళలేదమ్మా, ఫ్రేము ఎక్కి వెళ్ళింది. ఇది నిష్ఠూరం కాదు. నా పద్నాలుగు పెట్టెలూ నేనూ అలాగే పోగొట్టుకున్నాను.

ఇప్పుడు అసలు మాట. మీరు ఐదో పెట్టె ఫ్రేములు రెండిటికి ఇచ్చారు, ఒకటోదానికి, రెండోదానికి. రోగం రెండోదానికే వచ్చింది. ఒకటోది అదే ఐదో పెట్టె ఫ్రేము తీసుకుని కూడా నిలబడి ఉంది. ఇన్ని రోజులు అయినా దాంట్లో ఒక్క సంచి పిల్ల కనపడలేదంటే ఆ రాణి పిల్లల్లో ఏదో గట్టితనం ఉండొచ్చు. లేదా దాని కూలీలు రోగం పిల్లని సంచి అవకముందే పసిగట్టి పడేస్తూ ఉండొచ్చు. ఖాయంగా చెప్పలేను, ఇంకో నెల చూడాలి. కానీ నేనైతే ఆ పెట్టెని కంటికి రెప్పలా చూసుకుంటాను. ఒకటోది రెండోదాని బిడ్డే అన్నారు. మీ గోడ సందు ఈగలు ఒకటో పెట్టెలో కూడా ఉన్నాయి చెల్లెమ్మా.

---

ఆనందపురం తోట
నవంబరు 16, ఉదయం 6:30

అన్నయ్యా, ఆఖరి మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అది నాకు తట్టనే లేదు.

రేపు మా అబ్బాయి సెలవు పెట్టి వస్తున్నాడు, పంజరాలు తెస్తాడు. రెండు సందేహాలు. రెండో పెట్టెలో ఉన్న తేనె మేం తినొచ్చా? రోగం ఉన్న రెండు పెట్టెల్నీ శొంఠ్యాంలో మా ఆడపడుచు తోటకి పంపెయ్యనా?

---

పెందుర్తి పెట్టెలు
నవంబరు 16, మధ్యాహ్నం 1:15

ఈ వైరస్ మనుషులకి ఏమీ చెయ్యదు. కానీ రెండో పెట్టెకి టెట్రాసైక్లిన్ పెట్టారు. ఆ తేనె అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి, పిల్లలకి అసలు వద్దు. ఈగలకే వదిలేయండి.

శొంఠ్యాం పంపాలంటే అక్కడ చుట్టుపక్కల ఎవరి పెట్టెలూ ఉండకూడదు. చెట్టు తొర్రల్లో అడవి పట్లు ఉంటే వాటికీ అంటిస్తాం. మీ తోటలోనే ఉంచండి. ఆకుల పందిరి ఒకటి అడ్డం కట్టి, గుమ్మాలు వేరే దిక్కులకి తిప్పండి. ఒకేసారి కాకుండా రోజుకి కొంచెం కొంచెం తిప్పండి, లేకపోతే దారి తప్పి పక్క పెట్టెలోకి పోతాయి.

---

ఆనందపురం తోట
డిసెంబరు 20, రాత్రి 8:15

అందరూ ఎలా ఉన్నారు? నవంబరు 17న రెండు రాణుల్నీ పంజరంలో పెట్టాం. డిసెంబరు 8న వదిలాం. మధ్యలో రెండో పెట్టెలో రెండుసార్లు రాణి గదులు కట్టాయి, తీసేశాను.

నాలుగో పెట్టె బాగుంది. రెండు ఫ్రేముల్లో పిల్ల, మూతలు చదునుగా, గోధుమ రంగులో ఉన్నాయి. ఒక్క చిల్లు లేదు.

రెండోది మళ్ళీ మొదలైంది. ఇవాళ ఏడు సంచులు చూశాను. ఈగలు కూడా రెండు ఫ్రేములకే ఉన్నాయి. ఒకటో పెట్టె ఇప్పటికీ శుభ్రంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

---

పెందుర్తి పెట్టెలు
డిసెంబరు 20, రాత్రి 9:30

21 రోజుల తర్వాత కూడా తిరగబెట్టిందంటే ఆ రాణి సంతానం దీన్ని తట్టుకోలేదు. చంపకుండా చూద్దామనే ముందు బంధించమన్నాను. ఇప్పుడు తప్పదు చెల్లెమ్మా. ఆ రాణిని తీసేసి, దాని పిల్లంతా తీసేసి, అదే రోజు ఒకటో పెట్టె నుంచి గుడ్లున్న ఫ్రేము ఒకటి ఇవ్వండి. ఫ్రేములు మార్చొద్దని నేనే అన్నాను, ఈ ఒక్కటీ మినహాయింపు. అదీ ఒకటి నుంచి రెండుకే, రెండు నుంచి ఇటు ఏదీ రాకూడదు. వేరే గుడ్లు లేవు కాబట్టి ఆ గుడ్ల పిల్లల్నే రాణులుగా పెంచుకుంటాయి. ఆ రాణి గుడ్లు పెట్టే వరకూ పిల్ల ఉండని కాలం ఇంకోటి కలిసొస్తుంది.

గుమ్మానికి రాణి గేటు ఉంటే పదో రోజుకల్లా తీసేయండి. గేటు ఉంటే కొత్త రాణి జత కట్టడానికి ఎగరలేదు. చాలామంది ఇక్కడే మర్చిపోయి, రాణి గొడ్డుపోయిందనుకుంటారు.

---

ఆనందపురం తోట
జనవరి 28, సాయంత్రం 6:50

రాయడం ఆలస్యమైంది, పండక్కి ఇంటినిండా జనం.

డిసెంబరు 21న ఆ పని చేశాం. రాణిని తీసే పని నా చేత కాలేదు, మా అబ్బాయి చేశాడు. నేను ఒకటో పెట్టె దగ్గర నిలబడి, ఎండకి ఎదురుగా ఫ్రేము పట్టుకుని గుడ్లున్నాయో లేదో చూశాను. ఉన్నాయి, గది అడుగున చిన్న తెల్ల దారం ముక్కల్లా. నాలుగు రాణి గదులు కట్టాయి. గేటు తీసేశాను. భోగి నాటికి కూడా గుడ్లు కనపడలేదు, ఆ రాత్రి భయమేసింది. కనుమ తర్వాత రెండో రోజు చూస్తే ఒక్కో గదిలో ఒక్కో గుడ్డు, నిటారుగా.

ఇవాళ తెరిచాను. ఫ్రేము మధ్యలో నా అరచెయ్యంత మేర మూతలు, ఒక్క ఖాళీ లేకుండా. చీపురు పుల్ల చేతిలోనే ఉంది. ఒక మూత గిల్లి చూశాను, లోపల పిల్ల తెల్లగా, మెత్తగా, తల పైకెత్తకుండా పడుకుని ఉంది. వెంటనే పెట్టె మూసేశాను.

ఊరి బయట జీడిమామిడి పూత మొదలైంది. ఈగలు మూడు ఫ్రేములు కప్పుతున్నాయి. అన్నయ్యా, ఇంకో ఖాళీ ఫ్రేము ఇవ్వనా, ఆగనా?

---

పెందుర్తి పెట్టెలు
జనవరి 28, రాత్రి 7:35

చాలా సంతోషం చెల్లెమ్మా. ఇంకో పది రోజులు ఆగండి. ఈ మూతల్లోంచి ఈగలు బయటికి వచ్చాక ఇద్దురుగాని. పాకం మాత్రం ఇంక ఆపేయండి, పూత వచ్చేసింది కదా.